సప్తసంతానములు - వాణిజ్యధర్మము : ఆర్జన వినియోగముల విమర్శ

1. ప్రశ్న స్వరూపము

సాహిత్యాధ్యయనమునకును వ్యాపారనీతికిని గల సంబంధమేమి యను ప్రశ్న విశ్వవిద్యాలయములలో నిప్పుడు తఱచుగా వినవచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ సంఘము 1987లో వెలువరించిన నివేదిక, నేటి తరమువారు తమ యవసరములను తీర్చుకొనునపుడు రాబోవు తరములవారి శక్తికి లోపము కలిగింపరాదను సూత్రమును లోకమునకు పరిచితము కావించినది. దీనినే మనము సుస్థిరాభివృద్ధి యనుచున్నాము. 2015లో ఐక్యరాజ్యసమితి దీనిని పదునేడు లక్ష్యములుగా విస్తరించినది. మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగమున, నిర్ణీతమైన పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెనని విధించినది. ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో పర్యావరణ రక్షణమును, కళాసంస్కృతుల రక్షణమును, గ్రంథాలయ స్థాపనమును ప్రక్కప్రక్కనే పేర్కొనబడియున్నవి.

ఇట్టి చర్చలకు తెలుగు శాఖవారిని పిలుచుట కలదు. కాని పిలిచినవారు సామాన్యముగా కోరునది నివేదిక మొదటి పుటకు తగిన యొక నీతిపద్యము మాత్రమే. శాస్త్రజ్ఞుడు లెక్క చెప్పును, న్యాయవాది చట్టము చెప్పును, తెలుగు పండితుడు పద్యము చెప్పును. ఈ మర్యాద పైకి గౌరవముగనే కనబడును. పరిశీలించినచో నిది సాహిత్యమును తోరణముగా వాడుకొనుటయే యని తేలును. దీనికి ప్రతిగా మనలో కొందఱు, ఇవన్నియు మన పూర్వుల కెప్పుడో తెలిసినవే యని వాదింతురు. ఆ వాదము మనకు సంతోషకరమే కాని సంతృప్తికరము కాదు. తెలిసియున్నవారి కాలమున చెఱువులు తెగలేదా, ప్రజలు ఊళ్లు విడిచి వలసపోలేదా యని యడిగినచో నది నిలువజాలదు.

ఈ వ్యాసమున నేను చేయదలచిన పని పరిమితమైనది. మన సాహిత్యమునను శాసనములయందును ప్రసిద్ధమైన సప్తసంతాన భావనను తీసికొని, అది సంపద యొక్క నిలుకడను గూర్చి యేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పక విడిచినదో విచారింతును. పిమ్మట ఆ లోపమును పూరింపగల భాగములు మన వాఙ్మయముననే యెచ్చటెచ్చట గలవో చూపుదును.

2. సంతాన శబ్దము

తనయుడు, తటాకము, కృతి, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అను నేడింటిని సప్తసంతానములని మన పూర్వులు పరిగణించిరి. పరిగణన క్రమమున భేదము లున్నను సంఖ్యయు భావమును స్థిరముగా నున్నవి. ఈ పట్టికను తొలిసారి చూచిన విద్యార్థికి కన్నకొడుకును, మంటికట్టయు, పద్యకావ్యమును ఒక్క వరుసలో నెట్లు నిలిచినవని యాశ్చర్యము కలుగవచ్చును. సమాధానము శబ్దముననే యున్నది. సంతాన శబ్దమునకు మూలమైన 'తను' ధాతువు విస్తారార్థకము. తంతువను మాటయు దానినుండి పుట్టినదే. తెగక సాగునది సంతానము. కనుక బిడ్డలను అర్థము దానికి ముఖ్యార్థము కాదు. తెగని సాగుదల యొక్క యొకానొక రూపము మాత్రమే. నేడు మనము 'సుస్థిరత' యని క్రొత్తగా కూర్చుకొనిన శబ్దమున స్థైర్యము, అనగా కదలకుండుట, ప్రధానము. సంతాన శబ్దమున సాగుట ప్రధానము. ఈ భేదము చిన్నది కాదు. చెఱువు కదలకుండుటచేత నిలువదు. ఏటేట పూడిక తీయబడుటచేతను, కట్టకు మన్ను వేయబడుటచేతను నిలుచును.

ప్రబంధకవులు ఈ భావనను అవతారికలలో విరివిగా వాడుకొనిరి. మనుచరిత్రావతారికలో శ్రీకృష్ణదేవరాయలు పెద్దనను కృతి యడుగు సందర్భమున, ఏడింటిలోను శిథిలము కాక నిలుచునది కృతియే యను తాత్పర్యము కలదు. కవి తన వృత్తికి గౌరవము కల్పించుకొనుట సహజమే. కాని వాఙ్మయచరిత్ర తెలిసినవారు ఈ మాటను యథాతథముగా నంగీకరింపజాలరు. తాటియాకు శాశ్వతము కాదు. తరమునకొకసారి యెవరో ఒకరు కూర్చుండి క్రొత్త ప్రతి వ్రాయనిచో కృతియు చెఱువువలెనే పూడిపోవును. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులను నియోగించి ప్రతులు వ్రాయింపకున్నచో మన కావ్యములలో నెన్ని మిగిలియుండెడివో చెప్పలేము. తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిఱేకులపై చెక్కబడినవి. ఐనను శతాబ్దముల పాటు తిరుమల యాలయమున భండారమున నజ్ఞాతముగా నుండి 1922లో గాని వెలుగు చూడలేదు. రాగి నిలిచినది, పాడువారు లేనందున సంతానము తెగినది.

కాబట్టి సప్తసంతానముల సామాన్యధర్మము శాశ్వతత్వము కాదు, పోషణాపేక్ష. ఏడును కర్త ఆయుర్దాయమును దాటి సాగవలసినవి. ఏడును కర్త కానివారి చేతులమీద బ్రతుకవలసినవి. చెఱువు త్రవ్వించినవాని పేరు శాసనమున నుండును. దానిని బ్రతికించువాడు తూము విప్పు నీరటికాడు, ఒండ్రు తీయు రైతు. దశబంధ మను పేర, చెఱువు కట్టించినవారికిని బాగుచేసినవారికిని భూమినో పంటభాగమునో విడుచు సంప్రదాయము రాయలసీమ శాసనములలో కనబడును. నిర్మాణమునకు కీర్తియు, సంరక్షణమునకు జీతమును ఏర్పఱచిన ఈ విభాగము గమనింపదగినది. నేటి సంస్థలును ప్రారంభోత్సవ శిలాఫలకమునకు చూపు నుత్సాహమును, పదియవ యేట మరమ్మతునకు చూపుట లేదు. చట్టము వ్యయమును లెక్కించుచున్నది. సంతానము లెక్కకు రాకున్నది.

3. పోరుమామిళ్ల శాసనము

కడప ప్రాంతమున పోరుమామిళ్ల చెఱువును విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరభవదూరుడు కట్టించెను. దాని శాసనము శాలివాహన శకము 1291, అనగా క్రీ. శ. 1369 నాటిది. భాష సంస్కృతము. శాసనములలో ప్రశస్తి మాత్రమే యుండునని తలచువారికి ఇది మంచి సమాధానము. ఇందు మంచి చెఱువునకు పండ్రెండు సాధనములును, ఆఱు దోషములును పరిగణింపబడినవి.

సాధనములలో మొదటిది ధర్మవంతుడును, ధనవంతుడును, స్థిరమైన కీర్తిధనమును కోరువాడును నగు ప్రభువు. రెండవది జలశాస్త్ర మెఱిగిన పండితుడు. తరువాత గట్టి మన్నుగల నేల, దూరమునుండి వచ్చు తీయని నీటి యేఱు, దాని కిరువైపుల కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు గాని దృఢమైన రాతికట్ట, లోతును విరివియు గల గర్భము, చక్కని రాతిగని, చేరువను ఫలవంతమగు సమతలభూమి మొదలైనవి చెప్పబడినవి. చివరిది నిర్మాణకౌశలముగల పనివారి సమూహము. ఆఱు దోషములు ఇవి: కట్టనుండి నీరు కారుట, ఉప్పునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట, నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట, సాగుభూమి స్వల్పమై నీరధికమగుట.

ఈ పట్టికను ఇంజనీరు చదువు తీరు వేఱు, సాహిత్య విద్యార్థి చదువు తీరు వేఱు. మనము గమనింపవలసినవి మూడు గలవు. మొదటిది క్రమము. పట్టిక ప్రభువుతో నారంభమై పనివారితో ముగియుచున్నది. మన్ను, ఏఱు, కొండ, రాయి అను ప్రకృతి సంపత్తియంతయు మానవుల నడుమ నిలుపబడినది. మానవగుణము చెడినచో నడిమివి యెంత మంచివైనను చెఱువు కాజాలదను సూచన ఇందు గలదు. రెండవది దోషముల స్వభావము. చివరి రెండు దోషములును నీటికిని భూమికిని గల పొందికను గూర్చినవి. నీరు తక్కువై ఆయకట్టు పెరుగుట దోషమని చెప్పినంత విస్పష్టముగనే, నీరెక్కువై భూమి చాలకుండుటయు దోషమని చెప్పబడినది. అధికము గుణముగా నిచట నెంచబడలేదు, మితియే గుణము. లాభము నధికమొనర్చుటయే వ్యాపార పరమార్థమను నేటి భావనకు దీనికంటె స్పష్టమైన ప్రతివాదమును వెదకనక్కఱలేదు. మూడవది, సరిహద్దు దోషము. రెండు రాజ్యముల నడుమ నున్న జలాశయము మంచి కట్టయు మంచి నీరును కలిగియు చెడిపోవును. బాధ్యత యెవరిదో తేలని యాస్తి పాడగునను రాజనీతి సత్యమును శాసనకర్త యొక్క మాటలో నిమిడ్చినాడు.

ఐనను ఈ శాసనమును కేవలము స్తుతించి విడుచుట విమర్శకాజాలదు. రెండేండ్లపాటు నిత్యము వేయిమంది కూలీలును నూఱు బండ్లును పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. ప్రభువు వంశము వివరముగా నున్నది. ఆ వేయిమందిలో నొక్కని పేరును లేదు. పండ్రెండవ సాధనముగా పనివారిని పేర్కొనిన మనస్సే వారిని సంఖ్యగా మాత్రము నిలిపినది. సాధనమనగా పనికి వచ్చునది; పనిని పంచుకొనువాడు కాదు. సంతానఫలము కట్టించినవానిది, చెమట కట్టినవానిది. ఈ పరిమితిని దాచి మన సంప్రదాయమును నేటి వ్యాపారులకు ఆదర్శముగా చూపుట న్యాయము కాదు.

4. ఆర్జనధర్మము : మోటుపల్లి, ఆముక్తమాల్యద

సప్తసంతాన భావనలో మఱియొక ముఖ్యమైన కొఱత గలదు. అది ధనమును దేనికి వెచ్చింపవలెనో చెప్పును; ధనము నెట్లు గడింపవలెనో చెప్పదు. దానిని వినియోగధర్మ మనవచ్చును గాని ఆర్జనధర్మ మనజాలము. అన్యాయార్జితముతో త్రవ్విన చెఱువు సంతానమగునా యను ప్రశ్నకు ఆ పట్టికలో సమాధానము లేదు. నూటికి రెండు వంతుల చట్టమునకును ఈ కొఱతయే కలదు. లాభము వచ్చిన పిదప దానిలో కొంత యెచ్చట పెట్టవలెనో అది చెప్పుచున్నది. తక్కిన తొంబదియెనిమిది వంతులును ఎట్లు వచ్చినవో ఆ విభాగము అడుగుట లేదు.

ఆర్జనధర్మమును విచారించుటకు మనకు దొరకు మొదటి యాధారము మోటుపల్లి యభయశాసనము. కాకతి గణపతిదేవుడు 1244లో దీనిని సముద్రవర్తకులకు ప్రసాదించెను. అంతకుముందు తుపానులో చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును ప్రభువులు బలాత్కారముగా హరించుచుండిరి. ప్రాణముకంటె ధనమును మిన్నగా నెంచి సముద్రయానమను గొప్ప యపాయమునకు లోనైనవారిపై దయదలచి, నియతమైన సుంకము తప్ప తక్కిన సర్వమును వారికే విడుచుచున్నట్లు గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటిగా నిర్ణయింపబడినది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి యచ్చటనే వర్తకులకు మరల నభయ మిచ్చుచు, కొడుకులు లేని వర్తకుని ధనమును రాజు గైకొను అపుత్రికదండమును తొలగించెను. సంతానము లేనివాని ధనమునకు దిక్కెవరను ప్రశ్నకు అంతవఱకు రాజే సమాధానముగా నుండెనని దీనివలన తెలియుచున్నది.

ఈ శాసనమున ముఖ్యముగా గ్రహింపవలసినది దయ కాదు, నియతి. దయ ప్రభువు మనస్సు ననుసరించి మాఱును. ముప్పదింట నొకటి యను లెక్కను శిలపై చెక్కిన పిదప ప్రభువు తానే దానికి కట్టుబడియుండవలెను. ఎదుటివాని యాపదను మన లాభమునకు వాడుకొనరాదను నీతిని ఒక రేటుగా మార్చి నిలువబెట్టుట ఇందలి విశేషము. వ్యాపారనీతి హృదయమున మొలకెత్తినను లెక్కలో వేరు పాతుకొననిచో నిలువదు.

రెండవ యాధారము ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు చెప్పిన రాజనీతి. రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుగులు, మణులు, గంధము, ముత్యములు తెచ్చు వర్తకమును పెంపవలెననియు, తుపానుచేతనో రోగముచేతనో బడలికచేతనో తీరము చేరిన పరదేశీయులను వారి వారి జాతికి తగినట్లు పోషింపవలెననియు నచట గలదు. ఐతే రాయలు ఇందలి ప్రయోజనమును దాచలేదు. దూరదేశముల గజాశ్వవర్తకులకు పట్టణమున నిండ్లును, గ్రామములును, సభాగౌరవమును, మంచి వెలయు నొసగుట ఆ సరకు శత్రువులకు చేరకుండుటకే యని స్పష్టముగా చెప్పెను. ఇది నీతియా, యుక్తియా? రెండును. నేటి వ్యాపారశాస్త్రమున నీతి లాభదాయకమని యుపదేశించువారు తఱచుగా ఈ రెండింటిని కలిపి మఱుగుపఱతురు. రాయల ప్రతిభ వానిని కలుపుటయందు గాక, కలిపితినని చెప్పుటయందున్నది. లాభము పోయిన నాడు నీతి నిలుచునా యను పరీక్షకు పాఠకుడు తావు చేసికొనగలడు.

ఆ యాశ్వాసముననే మఱియొక భావము కలదు. ప్రజలు బాధకోర్వక ఊరు విడిచిపోయినపుడు వారిని మరల పిలువక, వారి పసులను ధాన్యమును అమ్ముకొని, వారి యిండ్ల కలపను వంటచెఱకుగా వాడుకొను నధికారిని, రణభూమిలో తిరుగు నక్కతో పోల్చి, అట్టివాడున్న రాజు ఏడు దీవుల నేలినను వృద్ధిపొందడని చెప్పబడినది. అధికారి ఆ యేటి యాదాయమును లోపము లేక చూపును. కవి ఆ యాదాయము వెనుక నున్న శవమును చూపును. మూలధనమును తిని దానిని లాభముగా లెక్క వ్రాయుట యను దోషమును ఇంతకంటె సూటిగా చెప్పుట కష్టము. అడవిని నరికిన కలప వెల ఆదాయపు పద్దులోనికి వచ్చి, పోయిన అడవి ఏ పద్దులోనికిని రాని గణనపద్ధతిని నేటి యర్థశాస్త్రజ్ఞులు విమర్శించుచున్నారు. సాహిత్యము చేసినది ఆ విమర్శకు ఒక కంటికి కనబడు రూపమునిచ్చుట.

5. కృతిపతియైన వర్తకుడు, నమ్మకమును గూర్చిన మాట

వర్తకుడు మన కావ్యములలో కృతిపతిగా కూడ నున్నాడు. శ్రీనాథుడు హరవిలాసమును కుమారగిరిరెడ్డి కాలమున సుగంధ భాండాగారాధికారియైన అవచి తిప్పయసెట్టి కంకితమిచ్చెను. అవతారికలో తిప్పయసెట్టి తెప్పించిన సరకులు వర్ణింపబడినవి: సింహళపు టేనుగులు, హురుముంజి గుఱ్ఱములు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టువస్త్రములు మొదలైనవి. మన వాణిజ్యచరిత్రకు ఇది విలువైన యాధారము. కాని ఇది యే జాతి రచన? ప్రశంస. సరకెచ్చటినుండి వచ్చినదో చెప్పును. ఎవరి చేతులమీదుగా, ఏ వెలకు, ఎవరి నష్టముపై వచ్చినదో చెప్పదు. చెప్పవలయునని కోరుటయు అవతారికా ధర్మమునకు విరుద్ధమే.

ఇచట మన శాఖకు సంబంధించిన యసలు విషయము కలదు. నేటి కంపెనీల వార్షిక నివేదికలలోను, సామాజిక బాధ్యతా నివేదికలలోను కనబడు రచన అవతారికకు సజాతీయమైనది. వంశవర్ణనకు బదులు సంస్థాచరిత్ర, షష్ఠ్యంతములకు బదులు పురస్కారముల పట్టిక, దానప్రశంసకు బదులు నాటిన మొక్కల సంఖ్య. అవతారికను చదువుటకు మనము విద్యార్థికి నేర్పు పద్ధతి యేది? బిరుదమునకును వృత్తాంతమునకును గల భేదమును గుర్తింపుమనుట, శాసనముతో సరిచూడుమనుట, వర్ణింపబడినదానితోపాటు విడువబడినదానిని వెదకుమనుట, ఎవరు ఎవరికి ఏ ప్రతిఫలమునకై చెప్పుచున్నారో యడుగుమనుట. ఈ పద్ధతియే నివేదికలకును చెల్లును. నాటిన మొక్కలెన్ని యని నివేదిక చెప్పినచో, బ్రతికినవెన్ని, నీరు పోసినదెవరు, ఆ నేల అంతకుముందు ఎవరి మేతబీడు అని యడుగవలెను. వ్యాపారవిద్యకు మానవీయశాస్త్రములు చేయగల యుపకారము నీతిపద్యము కాదు, ఈ చదువు.

ఆ చదువునకు కొలతబద్దగా నిలువదగిన ఘట్టము నన్నయ ఆదిపర్వమున కలదు. దుష్యంతుడు తన్నెఱుగనని చెప్పినపుడు శకుంతల సభలో చెప్పిన మాటల తాత్పర్యము ప్రసిద్ధమే. నూఱు నూతులకంటె నొక బావియు, నూఱు బావులకంటె నొక క్రతువును, నూఱు క్రతువులకంటె నొక కుమారుడును, నూర్గురు కుమారులకంటె నొక సత్యవాక్యమును మేలని యామె చెప్పినది. ఈ క్రమము సంస్కృతమూలమున నున్నదే. కాని తెలుగున ఆదికవి నోట వచ్చి లోకమున నాటుకొనిన దగుటచే మన సంపదగనే యెంచవచ్చును. సప్తసంతానములతో ఈ పట్టికను ప్రక్కన నుంచి చూడుడు. జలాశయము రెంట నున్నది. కుమారుడు రెంట నున్నాడు. ఐతే సప్తసంతానములలో అన్నియు సమానముగా వరుసనుండగా, శకుంతల మాటలో ఒకదానికంటె నొకటి మిన్నగా మెట్లు కట్టబడినవి. ఆ మెట్లపై కట్టడములన్నియు సత్యమునకు క్రింద నిలిచినవి.

సందర్భమును విడిచి ఈ ఘట్టమును నీతిపాఠముగా చదువుట తఱచుగా జరుగుచున్నది. సందర్భమేమి? శకుంతల చేతిలో పత్రము లేదు. సాక్షులు లేరు. ఎదుటనున్నవాడు సర్వాధికారి. అతడు ఏకాంతమున నిచ్చిన మాట మాత్రమే యామె కాధారము. బలవంతునితో నొప్పందము చేసికొనిన నిరాధారుల స్థితి యెల్లప్పుడును ఇదియే. నూఱు బావులు త్రవ్వించెదను, మాట మాత్రము తప్పెదను అను బేరమున కామె యొప్పుకొనలేదు. దానము మాటతప్పుటకు పరిహారము కాజాలదను సూత్రము దీనినుండి తేలుచున్నది. రెండువంతుల దానము తొంబదియెనిమిది వంతుల యార్జనదోషమును కడుగునా యను నేటి ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము నాకు కనబడలేదు.

6. కొల్లేరు : ఒక నిదర్శనము

ఈ విచారణ గ్రంథములకే పరిమితము కాదని చూపుటకు కొల్లేటిని తీసికొందము. కృష్ణాగోదావరుల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలైన యేళ్లు నీటిని తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. 1970 దశకము చివర ప్రభుత్వము జాలరుల సహకార సంఘములకు సరస్సు గర్భమున చేపలచెఱువుల నేర్పఱచియిచ్చినది. ఉద్దేశము పేదల జీవనము. క్రమముగా ఆ చెఱువులు కౌలుపై ధనికుల చేతులలోనికి పోయినవి. గట్లు పెరిగి ప్రవాహమున కడ్డు వచ్చినవి. 1999లో సరస్సు వన్యప్రాణి సంరక్షణకేంద్రముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరినది. 2006లో అక్రమ చెఱువుల గట్లను ప్రభుత్వము కొట్టివేయించినది. తరువాతను ఆక్రమణల వివాదము ఆగలేదు.

పోరుమామిళ్ల దోషములతో దీనిని సరిచూచిన చిత్రమైన పోలిక కనబడును. సరస్సు గర్భమున లేచిన గట్లు నడిమి మిట్టలే. 2022లో జిల్లాలు పునర్విభజింపబడువఱకు కొల్లేరు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల సరిహద్దున నుండెను. అది సరిహద్దు దోషమునకు సమీపమే. కాని శాసనము చెప్పని దోషమొకటి యిచట గలదు: జలమును నమ్ముకొనినవాడు జలమునకు యజమాని కాకపోవుట. పోరుమామిళ్ల శాసనకర్తకు ఆ వేయిమంది సంఖ్యగా మాత్రమే కనబడిన కారణమున ఈ దోషమాతని పట్టికలో చేరలేదని నా యభిప్రాయము. కనుక పట్టికకు ఏడవ దోషమును చేర్చుట మన తరము పని.

అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల ఈ దృష్టితో చదువదగినది. సరస్సును నమ్మి బ్రతికిన యూరి జీవనమును, ఆ సరస్సు క్షీణించిన తీరును అది కథగా నిలిపినది. ప్రభుత్వపు లెక్కలలో చదరపు కిలోమీటరులుండును. నవలలో నీటి రంగు, పడవ, వరద, ఇరుగుపొరుగుల సాయము, వానితోపాటు పోయిన జీవనవిధానము ఉండును. ఏది పోయినదో తెలియక ఏది నిలుపవలెనో నిర్ణయింపజాలము. కృతి చెఱువునకు తోబుట్టువని పూర్వులు చెప్పిన మాటకు ఇది క్రొత్త యర్థము: చెఱువు పోయినపుడు దాని వ్యాజ్యమున సాక్ష్యము చెప్పునది కృతి.

7. ఆక్షేపము, సమాధానము

ఒక యాక్షేపము మిగిలియున్నది. రాజుల కాలపు శాసనములను, ప్రబంధములను కంపెనీల యుగమునకు తెచ్చుట కాలవ్యతిక్రమము కాదా? రాజు దానము చేసినచో నది యాతని యిచ్ఛ. కంపెనీ వ్యయము చట్టవిధి. రాజు మరణించును, కంపెనీకి చట్టరీత్యా మరణము లేదు. నిజమే. కాని ఈ చివరి భేదమే మన వాదమునకు బలము నిచ్చుచున్నది. మర్త్యుడైన ప్రభువునకు తన తరువాత నేమి మిగులునను చింత సహజముగా కలిగెను. సంతాన భావన యా చింతనుండి పుట్టినది. మరణము లేని సంస్థకు ఆ చింత తనంతట కలుగదు. మూడు నెలల లెక్కయే దానికి కాలప్రమాణము. కనుక దానిని నడుపు మర్త్యులకు విద్యామూలముగనే యా చింతను కలిగింపవలసియున్నది. అది మానవీయశాస్త్రముల పని కాక మఱియెవరి పని?

ఇంతవఱకు చెప్పినదానివలన తేలిన యంశములు మూడు. సప్తసంతాన భావన సంపదకు నిలుకడ పోషణవలన కలుగునని గుర్తించినది, కాని ఆర్జనమును విచారింపలేదు, పోషకుని పేరు చెప్పలేదు. మోటుపల్లి శాసనమును, ఆముక్తమాల్యద రాజనీతియు ఆర్జనమును విచారించినవి. నీతి నియతి కావలెనని మొదటిదియు, మూలధనమును తినుట లాభము కాదని రెండవదియు తెలుపుచున్నవి. శకుంతల వాక్యము ఈ రెండింటికిని పై మెట్టున సత్యమును నిలిపి, దానము దోషమునకు వెల కాదని తీర్పు చెప్పినది.

పరిశోధక విద్యార్థులకు ఇందు చేయదగిన పని విస్తారముగా గలదు. తటాక శాసనములలో సంరక్షణకై యేర్పఱచిన వృత్తులను జిల్లాలవారీగా కూర్పవలెను. అవతారికలలోని వర్తక కృతిపతుల వర్ణనలను వర్తక సమయముల శాసనములతో సరిచూడవలెను. వాణిజ్యశాఖ విద్యార్థులతో కలిసి ఒక అవతారికను, ఒక వార్షిక నివేదికను ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన చదువవలెను. అట్టి తరగతిలో తెలుగు అధ్యాపకుడు పద్యము చదివి కూర్చుండువాడు కాక, ప్రశ్న యడుగువాడగును. నివేదికలో వేయిమంది యని యున్నచోట వారి పేర్లేవి యని అడుగుట నేర్పినచో, మన శాఖ తన సంతానధర్మమును కొంతవఱకైనను నెఱవేర్చినదగును.